కనబడనిది చెప్పొద్దు

2023 సెప్టెంబర్ 3, ఆదివారం

దేవరకొండలో ఇవాళ నన్ను మించినవాడు ఎవడైనా ఉంటే వచ్చి నా ముందు నిలబడమనండి. మా ఫ్లెక్సీ షాపు పైగదిలో, పట్టపగలు, ఫ్యాను కింద కూర్చున్న మనుషులకు చీకటంటే ఏమిటో చూపించాను. ఆటకొచ్చిన డానియల్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. చూసి ఎంత సంతోషమేసిందో.

ఆటలో కోట కింద సొరంగం. డానియల్ కత్తి పట్టిన వీరుడు, వాళ్ళక్క ఎస్తేరు మంత్రగత్తె. ఇద్దరికీ కలిపి ఒక్కటే దివిటీ. నడుములోతు నీళ్ళు దాటుతుండగా డానియల్ పాచిక వేశాడు, ఒకటి పడింది, దివిటీ నీళ్ళపాలైంది. అయినా వాడు ఏమీ జరగనట్టు, "ఎదురుంగ ఉన్న రాక్షసుని మీద కత్తి లేపుతున్న" అన్నాడు.

"ఏ రాక్షసుడు తమ్మీ? నీకు కనబడ్తున్నడా?"

"ఇందాక ఉండె గదన్నా."

"ఇందాక వెలుగుండె. ఇప్పుడు లేదు. కనబడనిది చెప్పొద్దు."

ఇది నా మొదటి నియమం. మా మిషన్ మీదే ఫ్లెక్సీ కొట్టి గోడకు తగిలించాను. ఈ ఆట ఆడించేవాళ్ళలో చాలామందికి వెలుగు లెక్క చూడాలంటే బద్ధకం. గుహ అంటారు, అర్ధరాత్రి అంటారు, అందరికీ అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. అది గుహా, పెళ్ళిపందిరా? నా దగ్గర ఆ పప్పులు ఉడకవు.

సాయంత్రం కౌసల్య వచ్చింది. నా భార్య పక్క ఊరికి పంచాయతీ కార్యదర్శి. వీధిలో లైటు బుగ్గ వెలగకపోతే ఊరంతా తిట్టేది ఆమెనే. మెట్లెక్కి వచ్చి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా, గీ వయసుల గీ పోరగాండ్ల ఆటలు?"

కూర్చోబెట్టి చెప్పాను. ఒకడు కథ నడుపుతాడు, అది నేను. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర. ఏం చేయదలచుకున్నారో నోటితో చెప్తారు, కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, ఎంత ఎక్కువ పడితే అంత మంచిది. నిండు వెలుగులో అంతా మామూలే. మసకలో ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు, గురి తప్పుతుంది. కటిక చీకట్లో నీ దెబ్బ తగలదు, ఎదుటివాడి దెబ్బ తప్పదు. బుడ్డిదీపం పది అడుగులు, కందీలు అంటే లాంతరు ముప్పై, దివిటీ నలభై. దాని చుట్టూ మళ్ళీ అంత మేర మసక. రేచూపు ఉన్న జాతులకు మాత్రం చీకటి కూడా మసకే.

ఆమె అంతా విని, "మరి రేచూపు లేనోడు దీపం లేకుండ ముందల ఎందుకు నడుస్తున్నడు?" అని అడిగింది.

"వాడు వీరుడు."

"వీరుడు గాదు, కండ్లు నెత్తికెక్కినోడు అను."

ఎస్తేరు పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సెప్టెంబర్ 6, బుధవారం

షాపు నుంచి మా ఊరికి పోయే దారిలో బండికి బర్రె అడ్డమొచ్చింది. బర్రె నలుపు, రోడ్డు నలుపు, పొద్దు గూకింది. తప్పు నాదెలా అవుతుంది? హెడ్‌లైటు అద్దం మురికి పట్టింది. తుడిపించాలి.

సెప్టెంబర్ 10, ఆదివారం

హెడ్‌లైట్లో కొత్త బల్బు వేయించాను. పెద్ద తేడా ఏం లేదు. అంతా నకిలీ సరుకు.

ఈ ఆదివారం కూడా మేక కార్జమే తెచ్చాను. కౌసల్య పొయ్యి దగ్గర నుంచి అడిగింది. "బొక్కల కూరంటే పాణమిడిచేటోనివి. నెల సంది కార్జమేంది, పొద్దుగాల లేస్తే పొన్నగంటి కూరేంది?"

"నాలుక రుచి మారింది" అన్నాను.

మనిషికి రుచి మారడం సహజం. ఇందులో రాయాల్సినంత విషయం కూడా లేదు.

సెప్టెంబర్ 17, ఆదివారం

కౌసల్య ఆటలో కూర్చుంది! తనంతట తానే, "నాకొక మనిషిని ఇయ్యి" అంది. బీరమ్మ అని పేరు పెట్టుకుంది. గొర్లు కాసే మనిషి. చేతిలో కట్టె, కందీలు. రేచూపు లేదు. మంత్రం తీసుకొమ్మంటే వద్దంది.

పోయిన మూడు ఆటల నుంచి మావాళ్ళు ఒకే సొరంగంలో ఓడిపోతున్నారు. చీకట్లో పొంచి ఉన్న విలుకాళ్ళు ముందున్నవాడిని కొట్టి పడేస్తున్నారు. ఎందుకంటే దీపం ముందువాడి చేతిలో ఉంటుంది. దీపం పట్టినవాడు తాను చూసేదానికంటే ఎక్కువ దూరం కనబడతాడు, ఇది నేను రాసిన నియమాల పుస్తకంలోనే ఉంది. డానియల్ చదవడు, తగిలించుకుంటాడు.

ఇవాళ కూడా వాడు, "వదినా, కందీలు నాకియ్యి, నేను ముందల పోత" అన్నాడు.

"ఇయ్య. నువ్వు ముందల నడువు. దీపం ఎనక నా కాడ ఉంటది."

"నాకెట్ల కనబడ్తది?"

"మా తల్లిగారూరు కోస్గిల బాయికాడ రాత్రిపూట కరెంటిచ్చే దినాలల్ల మా బాపు మోటరెయ్య పోతుండె. లైటు నా చేతిల ఉంటుండె. బాపు ముందట, నేను ఎనక. పక్కకు వొంగి ఆయన కాళ్ల ముందల పడేటట్టు పట్టేది. పాము ఎవరి కాళ్లు కరుస్తదో ఆళ్ల కాళ్లకాడ ఉండాలె లైటు. నువ్వు మొకానికి పట్టుకుంటే పాముకు నీ మొకం కనబడ్తది."

అంతటితో ఆగలేదు. కందీలు మూడు వైపులా కొంగు కప్పుతున్నానంది. నేలమీద తప్ప ఎక్కడా వెలుగు పడదట. కప్పిన దీపానికి నా దగ్గర నియమమే లేదు! అక్కడికక్కడే తేల్చాను: పది అడుగుల వెలుగు, దూరం నుంచి చూసేవాడికి అసలు కనబడదు. విలుకాళ్ళ బాణాలన్నీ గోడలకు తగిలాయి. సొరంగం దాటేశారు.

డానియల్, ఎస్తేరు లేచి చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. నేను కట్టిన సొరంగాన్ని నా పెళ్ళాం మొదటి రోజే దాటింది. ఓడిపోయి ఇంత గర్వపడటం నాకు ఇదే మొదటిసారి.

సెప్టెంబర్ 24, ఆదివారం

టేబుల్‌ను కిటికీ దగ్గరికి జరిపాను. గాలి కోసం.

నాలుగున్నరకే మబ్బు పట్టింది. పాచిక వేసి వెతుకుతున్నాను. ఎస్తేరు మెల్లగా, "అన్నా, నీ మోచేతి కాడనే ఉన్నది" అంది. ముదురు నీలం పాచిక కొనడం నా బుద్ధి తక్కువ. తెల్లవి తెప్పించాలి.

ఎస్తేరు సర్కారు దవాఖానలో నర్సు. ఆమెకు అందరూ పేషెంట్లలాగే కనిపిస్తారు. ఆట అయిపోయాక కింద నిలబడి, "పొద్దుగూకినంక మెట్లు దిగుతుంటే గోడ పట్టుకుంటున్నవేందన్నా?" అని అడిగింది.

"మోకాళ్ల నొప్పులు."

"ముప్పై మూడేండ్లకా?"

"మా ఇంట్ల అందరికీ ఉంటయి" అన్నాను. అబద్ధమేమీ కాదు, మా అమ్మకు ఉన్నాయి.

అక్టోబర్ 12, గురువారం

ఎన్నికల తేదీ వచ్చింది. మిషన్‌కు విశ్రాంతి లేదు. అందరి మొహాలూ నా దగ్గరే, అందరూ చేతులు జోడించే ఉన్నారు. షాపు మూసేసరికి రోజూ చీకటి పడుతోంది.

ఊరికి వెళ్ళడానికి మంచి పద్ధతి కనిపెట్టాను. టౌను చివర ఆగుతాను. మా ఊరివైపు వెళ్ళే ఆటో రాగానే దాని వెనక ఎర్రలైటు చూసుకుంటూ పోతాను. ముందు ఒకడుంటే తోడు. గుంతలొస్తే వాడే ముందు ఎగురుతాడు, మనం జాగ్రత్తపడొచ్చు. పెట్రోలు కూడా కలిసొస్తుంది. తెలివైనవాడు ఎవడైనా ఇలాగే చేస్తాడు.

అక్టోబర్ 22, ఆదివారం

సద్దుల బతుకమ్మ. కౌసల్య పట్టుచీర కట్టుకుని ఎదురుచూసి, చూసి, ఒక్కతే బతుకమ్మను ఎత్తుకుని వెళ్ళింది. నాకు తలనొప్పి. అరుగు మీద కూర్చుని పాటలు విన్నాను. చెరువు దారిలో అన్నీ లైట్లే అంటారు గానీ, ఎక్కడ?

అక్టోబర్ 29, ఆదివారం

నేను పనిలో మునిగిపోయానని ఇవాళ డానియల్ ఆట నడిపాడు. చాలా రోజులకు నేను ఆటగాణ్ణయ్యాను. కోట సేనాపతిని. మీసాలు, గుర్రం, పొడవాటి ఈటె. బురుజు కింద పాత మెట్లు, బీరమ్మ కందీలులో నూనె అయిపోయింది. కౌసల్య బీరమ్మకు నడుముకు తాడు కట్టి, రెండో కొస నా నడుముకు కట్టుకున్నాను.

"సేనాపతి ముందు దిగుతున్నడు" అన్నాను.

డానియల్ పుస్తకం తిప్పాడు. "అన్నా, సేనాపతికి రేచూపు లేదు. చీకట్ల గుడ్డోని లెక్కనే. మెట్టు మెట్టుకు పాచిక ఎయ్యాలె."

"ఈ మెట్లు వానికి తెలుసురా. చిన్నప్పటి సంది ఎక్కి దిగినయే."

"నీకు తెలుసు గనీ, మధ్యల మెట్టు కూలిందని నీకు తెల్వది గదా."

"సేనాపతికి లెక్కలు జెప్తున్నవా?" అని గట్టిగానే అన్నాను. "అన్నా, నువ్వు రాసిందే గదా!" అని వాడు పుస్తకం నా ముందు పెట్టాడు. నా చేతిరాతే. పాచిక విసిరాను. రెండు పడింది. సేనాపతి కూలిన మెట్టులోంచి కిందికి పోయాడు. తాడుకు కట్టి ఉన్న బీరమ్మ కూడా.

నేను అరిచాను. ఏం అరిచానో రాయను. అరుస్తున్నంతసేపూ కౌసల్య నన్నే చూసింది. పాత్ర చనిపోయిందని ఆమెకు బాధ ఉన్నట్టు లేదు. ఏదో లెక్క కూడుకుంటున్నట్టు చూసింది.

నవంబర్ 9, గురువారం

ఇవాళ ఏమీ రాయను.

నవంబర్ 11, శనివారం

ఆటోవాడిదే తప్పు. ఇది ముందే రాసి పెడుతున్నాను.

మొన్న కౌసల్య స్కూటీ సర్వీసింగులో ఉంది. ఇద్దరం నా బండి మీదే బయల్దేరాం. ఎప్పటిలాగే ఒక ఆటో వెనక వెళ్తున్నాం. అది మా ఊరి ఆటో అనుకున్నాను. వాడు మధ్యలో పక్క తండా మట్టిదారికి తిప్పాడు. ఇండికేటర్ వేయలేదు, చేయి చూపించలేదు. నేను కూడా తిప్పాను. ఎర్రలైటు ఎటు పోతే అటు. మట్టిదారి మొదట్లోనే కల్వర్టు మోరీ గోడ ఉంది. ఆటో దాన్ని తప్పించుకుని పోయింది. నేను దాని మీదికే ఎక్కించాను.

నాకు మోచేయి గీరుకుంది, అంతే. కౌసల్యకు గడ్డం చీలి నాలుగు కుట్లు పడ్డాయి. రక్తం కారుతుంటే కొంగు అదిమిపెట్టుకుని ఒక్క మాటే అంది. "కొరివిదయ్యం ఎంట పోయినట్టు పోతివి గదయ్యా!"

తండాదారి అని ఆమెకు కనిపించిందట. నేను తెలిసే తిప్పాననుకుందట.

నవంబర్ 14, మంగళవారం

కౌసల్య అడిగేసింది. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"చీకట్ల నీకు కనబడ్తదా, కనబడదా? ఔనో కాదో చెప్పు."

ఆటోవాడి సంగతి చెప్పాను. రోడ్ల సంగతి చెప్పాను. పక్క ఊరి వీధిదీపాలు నీ పనే కదా, ముందు అవి చూసుకో అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆమెకు కోపం రాలేదు, అదే కష్టమైంది.

"ఎప్పటి సంది?" అంది.

"ఏంది ఎప్పటి సంది?"

"కార్జం తినుడు ఎప్పటి సందో గప్పటి సందేనా?"

కార్జం, పొన్నగంటి కూర తింటే చూపొస్తుందని ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తాను. మా మేనమామ మల్లన్నకు రేచీకటి. పగలు నాగలి కడితే గీత గీసినట్టు దున్నేవాడు. పొద్దు గూకితే గడప దాటేవాడు కాదు. ఒక పెళ్ళిలో ఎవరో కావాలని దారిలో బిందె పెట్టారు. ఆయన తన్నుకుని పడితే పందిరంతా ఈలలు వేసింది. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు నాకు వద్దు. ఈ బజార్లో నేను తలెత్తుకుని తిరిగాను. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాడని నన్ను అనుకుంటే నేను బతకలేను.

భయమేస్తోంది. గర్వంగా ఉండేవాడికి భయం వేయదని కాదు, చెప్పుకోవడానికి మనిషి దొరకడు.

నవంబర్ 26, ఆదివారం

డానియల్, ఎస్తేరు ఇంటికి వచ్చారు. ఆటకు రమ్మన్నారు. ఎన్నికల పనుందన్నాను. ఎస్తేరు తల వంచుకుని, "నువ్వు చెప్పొద్దంటె ఎవరికీ చెప్పమన్నా. గనీ వదినను ఎనక ఎక్కించుకోకు" అంది.

అందరికీ తెలుసన్నమాట! కిటికీ దగ్గరికి నేను టేబుల్ జరిపితే ఎందుకని ఎవరూ అడగనప్పుడు, ఆట మూడింటికి బదులు పదకొండింటికి పెడదామని డానియల్ అన్నప్పుడు, తెల్ల పాచికలు వాడే కొనుక్కొచ్చినప్పుడు, అన్నీ జాలితోనేనన్నమాట. లేచి నిలబడి, "ఆట బందు. పుస్తకం తీస్కపోండ్రి" అన్నాను. వాళ్ళు పుస్తకం తీసుకోలేదు. చాయ్ తాగకుండా పోయారు.

డిసెంబర్ 3, ఆదివారం

ఓట్ల లెక్కింపు. టౌనంతా పటాకులు. కౌసల్యకు నల్గొండలో డ్యూటీ పడింది.

ఏడింటికి నేను ఇంట్లో ఉండగా దేవరకొండ నుంచి ఫోను చేసింది. బస్టాండ్‌లో దిగిందట. పొద్దున అక్కడే పెట్టిన స్కూటీకి పంచరు. ఊరేగింపుల వల్ల ఆటోలు లేవట. "తాగిన పోరగాండ్లు మస్తుమంది తిరుగుతున్నరు. జర తొందరగ రా" అంది. ఎప్పుడూ భయపడని మనిషి గొంతులో భయం వినిపించింది.

బండి తాళం తీసుకున్నాను. బయటికొచ్చి బండి ఎక్కాను కూడా. వాకిట్లో వెలుగు. వాకిలి దాటితే గోడ లేదు, చెట్టు లేదు, దారి లేదు. ఎర్రలైటు కూడా లేదు. ఇలా వెళ్తే ఆమెను తెస్తానా, మళ్ళీ పడేస్తానా? నేను మగవాణ్ణి, ఆమె భర్తను, బస్టాండ్ ఎంతో దూరం కూడా లేదు. అయినా నాకు చేతకాదు. బండి దిగాను.

డానియల్‌కు ఫోను చేశాను. వారం క్రితం ఇంట్లోంచి పొమ్మన్నవాడికి.

"తమ్మీ, నాకు చీకట్ల కనబడదు. మీ వదిన బస్టాండ్ల ఉన్నది. తోలుకరా."

"పోతున్నన్నా" అన్నాడు. ఇంకొక్క మాట లేదు. ఎట్లా, ఎందుకు, ఎప్పటి నుంచి, ఏమీ లేదు.

కౌసల్య వచ్చి బండి వైపు, వాకిట్లో నిలబడ్డ నా వైపు చూసింది. "రాకుండ మంచి పని జేసినవ్" అని నా చేతిలోని తాళం తీసుకుని లోపల మేకుకు తగిలించింది. అప్పుడు ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది.

డిసెంబర్ 5, మంగళవారం

హైదరాబాద్‌లో కంటి దవాఖాన. కళ్ళలో మందు వేసి, నల్లటి గదిలో కూర్చోబెట్టి, చుక్క కనబడితే మీట నొక్కమన్నారు. నేను చాలాసేపు ఏమీ నొక్కలేదు. కనబడనిది నొక్కలేదు. అంత నిజాయితీగా ఎవరూ పరీక్ష రాసి ఉండరు.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. కంటి లోపలి పొరలో లోపమట, పుట్టుకతోనే రాసిపెట్టి ఉందట. మీ అమ్మానాన్నలది మేనరికమా అని అడిగింది. అవునన్నాను. దీనికి మందు లేదు. పగటి చూపు చాలా ఏళ్ళు ఉండొచ్చు, ఏటేటా చూపించుకోవాలి. చీకటి పడ్డాక బండి ముట్టుకోవద్దు.

"మరి కార్జం?" అని అడిగింది కౌసల్య.

"రుచి కోసమైతే తినండి" అంది డాక్టరమ్మ. బస్సులో కౌసల్య ఆ మాట తలచుకుని తలచుకుని నవ్వింది. కుట్లు పడ్డ చోట లాగుతోందని గడ్డం పట్టుకుని మరీ నవ్వింది.

డిసెంబర్ 6, బుధవారం

పొన్నగంటి కూర ఇక నా కంచంలో పడితే చూడండి.

డిసెంబర్ 17, ఆదివారం

ఆట మళ్ళీ పెట్టాను. నేనే నడిపాను. పదకొండింటికి కాదు, మామూలుగా మూడింటికే. చీకటి పడ్డాక పాచిక ఏం పడిందో ఎస్తేరు చదివి చెప్పింది. చెప్పమని నేనే అడిగాను.

పుస్తకంలో కొత్త నియమం రాశాను. చీకట్లో ఉన్నవాడికి, వెలుగులో ఉన్నవాడు చూసింది చూసినట్టు చెప్తే, ఆ వేటుకు చీకటి మసకగానే లెక్క. కాకపోతే చెప్పేవాడు ఆ వంతు కత్తి ఎత్తకూడదు, చెప్పడమే అతని పని. చిన్న నియమంలా ఉంటుంది. ఆడి చూడాలి!

డానియల్ వీరుడు గుహలో దీపం పోగొట్టుకున్నాడు, ఎప్పటిలాగే. గట్టు మీద కందీలుతో కొత్త బీరమ్మ ఉంది. కౌసల్య కట్టె పక్కన పెట్టి మొదలుపెట్టింది. "నీ ఎడమకు రాయి ఉన్నది, మోకాలంత. దాని మీద చెయ్యి పెట్టు. ఇప్పుడు కొంచెం వొంగు. నీ ఎదురుంగనే ఉన్నడు, కుడికి తిరుగుతున్నడు, ఆగు, ఆగు... ఇగ కొట్టు!" డానియల్ కళ్ళు మూసుకుని పాచిక వేశాడు. ఇరవై! గదిలో మేం వేసిన కేకకు కింద షాపులో కుర్రవాళ్ళు పైకొచ్చి చూశారు.

ఇలాంటి నియమం ఇంకెవరి దగ్గరైనా ఉందేమో నాకు తెలియదు. ఉన్నా నా అంత బాగా రాసి ఉండరు.

కిందికి దిగేసరికి ఆరు దాటింది. కౌసల్య స్కూటీ తీసింది. నేను వెనక కూర్చున్నాను. పది రోజులుగా ఇలాగే వెళ్తున్నాం, వెనక సందులోంచి. ఎవరూ ఉండరని ఆమె అటు తిప్పుతుంది. నాకు నామోషీ అవుతుందని ఆమె అనుకుంటుంది, నేను కాదని అనలేదు. ఇవాళ కూడా సందు వైపే హ్యాండిల్ తిప్పింది.

"బజార్ల నుంచి పో" అన్నాను.

ఆమె అద్దంలోంచి చూసింది. "నిజంగనా?"

"నడిబజార్ల నుంచే పో."

పోయింది. బజారులో లైట్లు వెలిగాయి, నాకు అవే కనిపించాయి, మనుషులు కనిపించలేదు. చాయ్ హోటల్ పోచయ్య గొంతు మాత్రం గుర్తుపట్టాను. నాలుగు బెంచీల నిండా జనం ఉంటారు ఆ వేళకు.

"ఏం లింగస్వామీ! పెండ్లాం ఎనక కూసున్నవ్, బండి నడుపుడు మర్శినవా?"

నవ్వులు వినిపించాయి. కౌసల్య వేగం పెంచబోయింది. భుజం తట్టి ఆపమన్నాను. ఆపింది. గొంతు వచ్చినవైపు తిరిగి, ఆ బెంచీలకే కాదు, అవతలి చెప్పుల షాపు దాకా వినబడేలా చెప్పాను.

"రాత్రిపూట నాకు కనబడదే పోచయ్యా! మా కౌసల్యకు కనబడ్తది!"

నవ్వులు ఆగిపోయాయి. వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఇంటికొచ్చాక కౌసల్యను అడిగి, ఒక్కొక్కరిదీ చెప్పించుకున్నాను.